ఇద్దర్ని ఆపినవాడు

2002 జనవరి 6న న్యూయార్క్ జెయింట్స్, గ్రీన్ బే పాకర్స్ మధ్య మ్యాచ్ ముగింపుకొచ్చింది. పాకర్స్ గెలుపు దాదాపు ఖాయమైపోయింది. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫార్వ్ బంతి పట్టుకుని కుడివైపు పరిగెత్తి, ఎదురొస్తున్న మైకెల్ స్ట్రేహన్ ముందు మెత్తగా కింద పడ్డాడు. స్ట్రేహన్ వచ్చి అతని మీద పడ్డాడు. అంతే, ఆ సీజన్లో స్ట్రేహన్ శాక్‌లు 22.5 అయ్యాయి. 1984లో మార్క్ గాస్టినో చేసిన 22 రికార్డు చెరిగిపోయింది. ఫార్వ్ కావాలనే పడ్డాడని ఆ రోజూ అన్నారు, ఇప్పటికీ అంటారు. రికార్డు పుస్తకంలో మాత్రం ఆ గొడవ ఉండదు, అంకె ఉంటుంది.

బంతి విసరబోయే క్వార్టర్‌బ్యాక్‌ని, విసిరేలోపే, ఆట మొదలైన గీత వెనకాలే పడగొట్టడాన్ని శాక్ అంటారు. బౌలర్‌కి వికెట్ ఎలాగో డిఫెన్సివ్ లైన్‌లో ఆడేవాడికి శాక్ అలాగ. పేరు, అవార్డు, కాంట్రాక్టు చాలావరకు దాని చుట్టూ తిరుగుతాయి. ఊరికే వచ్చిపడిన ఒక శాక్ గురించి ఇరవై ఏళ్ళకి పైగా వాదించుకుంటూనే ఉన్నాం. నాకు మాత్రం అంతకన్నా పెద్ద ప్రశ్న ఇంకోటి ఉందనిపిస్తుంది. ఏ అంకెలోకీ ఎక్కకుండా, అంకెలన్నీ ఇంకొకరికి వచ్చేలా చెయ్యడమే పనిగా పెట్టుకున్న మనిషిని ఎలా తూచాలి?

ఈ ఆటలో అలాంటి మనిషి నిజంగా ఉన్నాడు. అతన్ని నోస్ టాకిల్ అంటారు.

బంతి ఉన్న జట్టు తరఫున ముందు వరసలో ఐదుగురు నిలబడతారు. మధ్యలో సెంటర్, అతనికి రెండు పక్కలా గార్డులు, వాళ్ళకి అటూ ఇటూ టాకిల్స్. ఈ ఐదుగురి మధ్య ఉన్న సందుల్ని గ్యాప్‌లు అంటారు. బంతి పట్టుకుని పరిగెత్తేవాడు ఏదో ఒక గ్యాప్‌లోంచే రావాలి. అందుకని ఏ గ్యాప్‌కి ఎవరు జవాబుదారీ అన్న పంపకంతోనే డిఫెన్స్ మొదలవుతుంది. 4-3 పద్ధతిలో నలుగురు లైన్‌మెన్, వాళ్ళ వెనక ముగ్గురు లైన్‌బ్యాకర్లు. అక్కడ మామూలుగా ఒక్కో లైన్‌మన్‌కి ఒక్కో గ్యాప్. అందులోంచి చొచ్చుకుపోవడమే అతని పని. 3-4 పద్ధతిలో ముందు ముగ్గురే ఉంటారు, వెనక నలుగురు. ఆ ముగ్గురికీ గ్యాప్‌లు సరిపోవు కదా? అందుకే పాతకాలపు 3-4లో ఒక్కొక్కరూ రెండేసి గ్యాప్‌లు మొయ్యాలి.

ఆ ముగ్గురిలో నడిమివాడే నోస్ టాకిల్. సెంటర్‌కి సరిగ్గా ముక్కుకి ముక్కు ఎదురుగా నిలబడతాడు. సెంటర్‌ని తోసుకుని ఏదో ఒక పక్కకి దూసుకుపోకూడదు. పోతే రెండో పక్క తలుపు తెరిచినట్టే. ఎదుటివాణ్ణి రెండు చేతులా పట్టి, బంతి ఎటుపోతుందో చూసి, అప్పుడు ఆ పక్కకి వాలాలి. ఇంత బరువైనవాణ్ణి సెంటర్ ఒక్కడే కదపలేడు కాబట్టి పక్కనున్న గార్డు కూడా వచ్చి కలుస్తాడు. సరిగ్గా డిఫెన్స్‌కి కావలసింది అదే. ఐదుగురు అడ్డుకునేవాళ్ళలో ఇద్దరు ఒక్కడికే ఖర్చయిపోయారు. వెనకున్న లైన్‌బ్యాకర్ మీదికి వెళ్ళాల్సినవాడు ఇక్కడ ఇరుక్కుపోయాడు. లైన్‌బ్యాకర్ ఖాళీగా వచ్చి పడగొడతాడు. టీవీలో అతని పేరు చదువుతారు. కిందపడ్డ గుంపులోంచి మన నోస్ టాకిల్ ఆఖరున లేస్తాడు.

కేసీ హాంప్టన్ 2001 నుంచి 2012 దాకా పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌కి ఆ స్థానంలో ఆడాడు. దాదాపు 147 కిలోల మనిషి. పన్నెండు సీజన్లలో అతని శాక్‌లు మొత్తం 9. అదే డిఫెన్స్‌లో అంచున ఆడిన జేమ్స్ హారిసన్ ఒక్క 2008లోనే 16 శాక్‌లు చేసి, ఆ ఏడాది లీగ్‌లో ఉత్తమ డిఫెన్సివ్ ఆటగాడయ్యాడు. హారిసన్ గొప్పవాడు కాదని ఎవరూ అనరు. కానీ ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి ఇద్దరినీ పోల్చితే ఆ పోలికే తప్పు. ఒకణ్ణి పడగొట్టమని పంపారు, ఇంకొకణ్ణి కదలకుండా నిలబడమన్నారు. కదలకపోవడమే గెలుపైన చోట, గెలిచినప్పుడు చూడ్డానికి ఏమీ ఉండదు.

ఇంజనీర్‌గా నాకు మొదట తట్టే సమాధానం: అయితే అదీ లెక్కపెడదాం. నిజానికి లెక్కలు మారుతూనే వచ్చాయి. లీగ్ శాక్‌లని అధికారికంగా లెక్కపెట్టడం మొదలుపెట్టిందే 1982లో. 'శాక్' అన్న పేరు పెట్టిన ఘనత చాలామంది ఎవరికిస్తారో ఆ డీకన్ జోన్స్ 1974లోనే ఆట మానేశాడు. అంటే ఆ మాట పుట్టించినవాడి ఖాతాలో అధికారికంగా ఒక్క శాక్ కూడా లేదు! తర్వాత పరిశోధకులు పాత రికార్డులు తవ్వి 173.5 అని తేల్చారు. ఆ అంకె రాకముందు కూడా ఆయన క్వార్టర్‌బ్యాక్‌లని పడగొట్టే ఉన్నాడు కదా. ఇప్పుడు ఆటగాళ్ళ భుజాల ప్యాడ్లలో చిప్‌లు ఉంటున్నాయి. ఎవరి మీదికి ఎన్నిసార్లు ఇద్దరేసి వచ్చారో కూడా లెక్కిస్తున్నారు. మంచిదే. కానీ ఏ చిప్పూ ఒక్క సంగతి చెప్పదు: ఆ క్షణంలో అతన్ని ఏం చెయ్యమన్నారు?

ఈ ప్రశ్న దగ్గర నాకో సొంత బాకీ ఉంది. కొన్నేళ్ళ క్రితం ఒక చిన్న టీమ్‌కి నేను లీడ్‌ని. కొత్త ఫీచర్ గడువు దగ్గరపడుతుంటే, వయసులో నాకన్నా పెద్దవాడైన ఒక సహోద్యోగిని ప్రొడక్షన్ సమస్యలు చూసుకోమన్నాను. రాత్రి మోగే అలర్ట్‌లు, పక్క టీమ్‌ల ప్రశ్నలు, అందరి కోడ్ రివ్యూలు అతని మీదికి తోసేశాం. మిగతా ఇద్దరూ ప్రశాంతంగా ఫీచర్ పూర్తిచేశారు. అప్రైజల్ వచ్చినప్పుడు నేను మూసిన టికెట్ల సంఖ్య చూశాను. ఆ ఇద్దరికీ మంచి రేటింగ్, అతనికి మధ్యరకం. అతనేం గొడవ పెట్టుకోలేదు. "ఈ ఆర్నెల్లు నన్నేం చెయ్యమన్నావో ఒకసారి గుర్తు తెచ్చుకో" అన్నాడు, అంతే.

నేను చూసిన అంకెలు అబద్ధాలు కావు. పని అప్పగించేటప్పుడు ఒక కొలత, తీర్పు చెప్పేటప్పుడు ఇంకో కొలత వాడాను. తప్పు అక్కడుంది. ఎవరైనా ఎంత పని చేశారన్నది కొలవగలిగిన విషయమే కావచ్చు. కానీ అతన్ని ఏం అడిగామో మర్చిపోయాక ఎంత కచ్చితంగా కొలిచినా అది అన్యాయమే అవుతుంది.

ఇలాంటి చోట మనవాళ్ళు వెంటనే నిష్కామకర్మ అంటారు. నోస్ టాకిల్‌ని కర్మయోగిని చేసి దండం పెట్టేస్తే పని సులువుగా అయిపోతుంది. నాకు అది నచ్చదు. ఫలం ఆశించొద్దన్న మాట ఎవరికివారు చెప్పుకుంటే నిగ్రహం. ఫలం అందుకుంటున్నవాడు పక్కవాడికి చెబితే అది దోపిడీకి పూసిన విభూతి. పైగా హాంప్టన్ సన్యాసి కాదు. జీతం తీసుకుని, ఒప్పుకుని, ఇష్టపడి చేసిన పని అది. అతని త్యాగాన్ని పొగడక్కర్లేదు, అతని నైపుణ్యాన్ని గుర్తుపడితే చాలు.

లెక్కలోకి రానిది పనొక్కటే కాదు. నోస్ టాకిల్‌కి ఎదురుగా ఉండే సెంటర్‌కి కూడా శాక్‌లుండవు, పాయింట్లుండవు. అదే స్టీలర్స్‌కి మైక్ వెబ్‌స్టర్ 1974 నుంచి 1988 దాకా సెంటర్. ఆట మానేశాక మనసు, జ్ఞాపకం చెదిరిపోయి 2002లో 50 ఏళ్ళకే చనిపోయాడు. డాక్టర్ బెన్నెట్ ఒమాలు అతని మెదడుని పరీక్షించి, వరస దెబ్బల వల్ల వచ్చే సీటీఈ అన్న జబ్బుని గుర్తించి 2005లో ప్రచురించాడు. ఒక ఎన్.ఎఫ్.ఎల్. ఆటగాడిలో దాన్ని గుర్తించడం అదే మొదటిసారి. స్పృహ తప్పేంత పెద్ద దెబ్బలే కాదు, లైన్‌లో ఇంచుమించు ప్రతి ఆటకీ తగిలే చిన్న చిన్న ఢీలు పోగుపడటం కూడా ఈ జబ్బుకి కారణమని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. పెద్ద దెబ్బ తగిలితే ఆట ఆపుతారు. వీటికి ఎవరూ ఆపరు. కనిపించని పని చేసినవాడికి కనిపించని దెబ్బలే తగిలాయి. చూడకపోవడం అనేది గౌరవానికి సంబంధించిన చిన్న లోపమే అనుకుంటాం, ఒక్కోసారి దానికి మనిషి ఖరీదు కడతాడు.

మరి చూడటం సాధ్యమేనా అంటే, సాధ్యమే. హాంప్టన్ ఐదుసార్లు ప్రో బౌల్‌కి ఎంపికయ్యాడు. ఆ ఎంపికలో అభిమానులతోపాటు ఆటగాళ్ళకీ కోచ్‌లకీ ఓటుంటుంది. అతన్ని ఇద్దరేసి కలిసి తోసి చూసినవాళ్ళకి అతని బరువు తెలుసు. కోచ్‌లు మ్యాచ్ మర్నాడు వీడియో ముందుకీ వెనక్కీ తిప్పుతూ ఒక్కొక్కడికీ మార్కులేస్తారు. ఆ గదిలో ముందు అడిగే ప్రశ్న ఎన్ని శాక్‌లని కాదు, ఈ ఆటలో ఇతని పనేంటని.

నేనిప్పుడు అప్రైజల్ రాయడానికి కూర్చుంటే డాష్‌బోర్డ్ కన్నా ముందు, ఆర్నెల్ల కింద పని పంచుతూ నేనే పంపిన మెయిల్ తెరుస్తాను. ఎవరిని ఏం అడిగానో అందులో ఉంటుంది. ఈ అలవాటు ఆ సహోద్యోగికి ఏ విధంగానూ పనికిరాలేదు. నేను నేర్చుకునేసరికి అతను వేరే టీమ్‌కి వెళ్ళిపోయాడు.