జబ్బు చెప్పినవాడికే నష్టమా?

పుట్టపర్తి వైపు పందులు మేపే మన ఎరుకలవాళ్లను పశువుల డాక్టరు మొదట అడిగేది ఇదే: ఎన్ని చచ్చాయి, ఏం మేపారు, కొత్త పందిని ఎక్కడ కొన్నారు?

జ్వరం, చెవుల మీద ఎర్రమచ్చలు చూసినంత మాత్రాన జబ్బు తేలదు. మామూలు స్వైన్ ఫీవర్‌కు టీకా ఉంది. 2020లో మన దేశంలో మొదట బయటపడిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌కు ఇక్కడ టీకా లేదు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. రక్తం, ప్లీహం ముక్క ప్రయోగశాలలో పరీక్షిస్తేనే ఏదో తేలుతుంది. ఆఫ్రికన్‌దే అయితే కిలోమీటరు లోపలి పందులన్నిటినీ చంపుతారు.

మరి చెప్పాలా, దాచాలా? దాచి సంతలో అమ్మితే పది ఊళ్ల మందలు పోతాయి. చెప్పడమే ధర్మం. కానీ ఆ ధర్మం బరువంతా పేదవాడి మీదే వేయడం న్యాయం కాదు. పరిహారం వెంటనే చేతికొస్తేనే అతను ధైర్యంగా నిజం చెప్పగలడు. అతను చెప్పకపోతే డాక్టరుకు జబ్బు జాడే తెలియదు.