భాషాస్థానం – వ్యవహర్తల గుర్తింపు: సవర భాష వర్గీకరణపై ఒక నైతిక పరిశీలన

ప్రస్తావన

హరిశ్చంద్రపురం శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి మండలంలో హౌరా–చెన్నై రైలుమార్గం మీద ఉన్న గ్రామం. ఒకవైపు టెక్కలి, పలాసల మీదుగా ఉద్దానం తీరం, మరోవైపు సవరలు నివసించే కొండలు ఉన్నాయి. ఊరి పేరులోని హరిశ్చంద్రుని కథకు ప్రాచీనరూపం ఐతరేయ బ్రాహ్మణంలోని శునశ్శేపోపాఖ్యానంలో కనిపిస్తుంది. శునశ్శేపుణ్ణి జ్యేష్ఠుడిగా అంగీకరించని విశ్వామిత్రుని కుమారులు తండ్రి శాపం వల్ల ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పులిందులు, మూతిబులు అయ్యారని ఆ ఉపాఖ్యానం చెబుతుంది. తెలుగు సాహిత్యచరిత్రలకు ఈ పట్టికలోని మొదటి పేరు సుపరిచితం. మూడో పేరును నేటి సవరలతో పండితులు సమన్వయిస్తారు. కథ ప్రకారం ఆంధ్రులు, శబరులు అన్నదమ్ములు. భాషాశాస్త్రం ఈ వరుసను అంగీకరించదు. ఒక భాషకు కుటుంబంలో స్థానాన్ని నిర్ణయించేది ఎవరు? ఆ నిర్ణయం వ్యవహర్తల గుర్తింపును కూడా నిర్ణయిస్తుందా? ఈ రెండు ప్రశ్నలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సవర భాష స్థానం

తెలుగు ద్రావిడ భాష. సవర ఆస్ట్రో-ఏషియాటిక్ కుటుంబంలోని ముండా శాఖకు చెందినది. సంతాలీ, ముండారీ దాని జ్ఞాతులు; ఖ్మేర్, వియత్నామీ దూరపు బంధువులు. కన్ను అనే అర్థంలో సవరలో 'మద్', సంతాలీలో 'మెత్', వియత్నామీలో 'మత్' ఉండటం ఈ బంధుత్వాన్ని సూచించే ఆధారాల్లో ఒకటి. సవర సంఖ్యావ్యవస్థ పన్నెండు, ఇరవైల ఆధారంగా నడుస్తుంది. నామాన్ని క్రియలోనే ఇముడ్చుకోగలగడం దాని నిర్మాణంలోని విశిష్టత. తరతరాల సాన్నిహిత్యం వల్ల తెలుగు, ఒడియా పదాలు ఆ భాషలో చేరాయి. అయితే ఆదానం వేరు, జన్యసంబంధం వేరు. సంతలో కలిసినవారంతా ఒకే ఇంటివారు కారు.

తెలుగువారికి ఈ భేదం విలువ అనుభవపూర్వకంగా తెలుసు. సంస్కృత పదబాహుళ్యాన్ని చూసి తెలుగును సంస్కృతజన్యమని భావించిన కాలంలో, 1816లో ఎల్లిస్ దక్షిణాది భాషల ప్రత్యేక బంధుత్వాన్ని నిరూపించాడు. 1856లో కాల్డ్వెల్ దాన్ని విస్తరించాడు. తమ భాషకు స్వతంత్రస్థానం దక్కినందుకు సంతోషించిన సమాజం పొరుగు భాషను 'లిపి లేని కొండయాస' అనడం న్యాయం కాదు.

గిడుగు చూపిన మార్గం

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) సవరను వ్యవహర్తల నోటి నుంచే నేర్చుకున్నారు. సవర పిల్లలకు బడులు పెట్టి, వాచకాలు తయారుచేశారు. ఆయన రచించిన సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. తెలుగులో వ్యావహారికం కోసం పోరాడిన సూత్రమే ఇక్కడా పనిచేసింది. భాషకు ప్రమాణం దాన్ని మాట్లాడే మనిషి. సొంత భాషకు కోరిన న్యాయాన్ని పరభాషకూ వర్తింపజేయడంలోనే ఆ సూత్రానికి నైతికబలం ఉంది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులో చేరింది. సవర ప్రాంతం రెండు పాలనల కింద చీలింది. అదే ఏడాది మంగేయి గొమాంగో 'సొరాంగ్ సొంపెంగ్' లిపిని రూపొందించారు. నేడు సవర ఆ లిపితోపాటు తెలుగు, ఒడియా, రోమన్ లిపుల్లోనూ కనిపిస్తుంది. అంటే పండితులు భాషకు కుటుంబాన్ని, పాలకులు సరిహద్దును ఇచ్చారు. లిపిని మాత్రం వ్యవహర్తల్లో ఒకరు కోరి ఇచ్చుకున్నారు. ఈ మూడూ భిన్నమైన అధికారాలు.

శబకీ: ఒక హెచ్చరిక

ఈ అధికారాలు కలగలిసిపోతే ఏమవుతుందో ఇరాక్‌లోని శబకీ భాష చూపుతుంది. మోసుల్ సమీపంలోని నీనెవే మైదానంలో శబక్‌లు మాట్లాడే ఈ భాషకు సవరతో బంధుత్వం లేదు. శబక్, శబర పేర్ల ధ్వనిసామ్యం యాదృచ్ఛికం. శబకీ వాయవ్య ఇరానీ శాఖలో, జాజా–గోరానీ వర్గంలో చేరుతుంది. కుర్దీ కూడా వాయవ్య ఇరానీ భాషే. కనుక శబక్‌లు కుర్దులేనని ఒక వాదం, వారు ప్రత్యేక ప్రజ అని మరో వాదం ఉన్నాయి. 1987 జనాభా లెక్కల్లో అరబ్బులుగానో కుర్దులుగానో నమోదు కావలసిన పరిస్థితి వారికి ఎదురైంది. కుర్దులుగా నమోదైన అనేకులు మరుసటి ఏడాది గ్రామాలను కోల్పోయి నిర్వాసితులయ్యారు. పట్టికలో ఒక గడి ఎంపిక ఇంటిని నిలబెట్టడమో కూల్చడమో చేసింది.

ఒక ఆక్షేపణ

శాస్త్రం సత్యాన్ని మాత్రమే చెబుతుందని, దుర్వినియోగానికి పాలకులే బాధ్యులని ఆక్షేపించవచ్చు. ఇందులో కొంత నిజముంది. సవర ముండా భాష కావడం ఎవరి ఇష్టానిష్టాల మీదా ఆధారపడదు. వ్యవహర్తలు కాదన్నంత మాత్రాన 'మద్', 'మెత్'ల సంబంధం చెరిగిపోదు. అయితే 'ఈ భాష ఫలానా శాఖకు చెందినది' అనే వాక్యం నుంచి 'ఈ ప్రజలు ఫలానావారు' అనే వాక్యం తర్కరీత్యా సిద్ధించదు. ఆ రెంటి మధ్య ఉన్న ఎడాన్ని స్పష్టంగా చెప్పడం పరిశోధకుని బాధ్యత. చెప్పకపోతే ఆ మౌనాన్ని ఇతరులు తమకు అనుకూలంగా పూరించుకుంటారు.

ఉపసంహారం

భాషాస్థానానికి ఆధారమే ప్రమాణం. గుర్తింపుకు వ్యవహర్తల మాట ప్రమాణం. మొదటిదాన్ని ఓటుతో మార్చలేము, రెండోదాన్ని వంశవృక్షంతో శాసించలేము. ఐతరేయ కథ కలిపిన వరుసను భాషాశాస్త్రం విడదీసింది. అయినా కొండకూ తీరానికీ మధ్య పొరుగువరుస మిగిలే ఉంది. ఒకే తల్లి బిడ్డలు కాకపోయినా పొరుగువారిని వారు చెప్పుకొన్న పేరుతో పిలవడం కనీస ధర్మం. సవరపై జరిగే ప్రతి తెలుగు పరిశోధనకూ ఈ ధర్మం ప్రాతిపదిక కావాలి.