చేతులు ఒప్పుకున్నంతే

అమ్మలూ,

ఢిల్లీ కటవారియా సరాయ్‌లో నీ గది మూడో అంతస్తులో ఉందని, లిఫ్టు లేదని మీ నాన్న చెప్పాడు. కీళ్లవాతం ఉన్న పిల్లకి ఆ మెట్లెక్కడమే పెద్ద పని. అలాంటిది, గేట్ పరీక్ష పుస్తకాల మధ్యలో క్రోషే నేర్చుకుంటానని ఫోన్‌లో అడిగేసరికి నాకు ఎంత సంతోషం వేసిందో! నరసాపురం పక్క ఊరిదాన్ని, చిన్నప్పట్నించీ లేసు సూది పట్టుకున్నదాన్ని. నువ్వు అడక్కపోయినా నేనే చెప్పేదాన్ని.

నీ ఒంటికి ఈ పని ఎందుకు సరిపోతుందో ముందు విను. స్వెటర్ అల్లేవాళ్ల సూది నిండా లూపులుంటాయి, ఒక్కటి జారినా కింద వరసలు ఊడొస్తాయి. క్రోషేలో ఏ కుట్టు పూర్తయ్యాకైనా సూది మీద మిగిలేది ఒక్క లూపే. నొప్పి మొదలైందా, ఆ లూపుకి ఓ పిన్నీసు పెట్టి పక్కన పడెయ్. నాలుగు రోజులు పోయాక తీసినా వదిలిన చోటే ఉంటుంది. మంచాన పడి లేచినవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి?

అయితే మా లేసుతో మాత్రం మొదలుపెట్టకు. సన్న దారం, సన్న స్టీలు సూది వేళ్ల కొసలతో గట్టిగా నొక్కి పట్టుకోవాలి, వాచిన కణుపులకి అది శిక్ష. 5 మిల్లీమీటర్లదో 6 మిల్లీమీటర్లదో లావు సూది కొనుక్కో. దాని పిడికి మెత్తటి గుడ్డ చుట్టి రబ్బరు బ్యాండ్లు వెయ్యి, పట్టు లావైన కొద్దీ వేళ్లు బిగించక్కర్లేదు. ఊలు లేత రంగుది తీసుకో. నలుపులోనూ ముదురు నీలంలోనూ రంధ్రం ఎక్కడుందో కనపడక, మెడ వంచి వంచి పట్టేస్తుంది. కలంలా పట్టుకోవడం నీకు కష్టమైతే, కూరలు తరిగేటప్పుడు కత్తి పట్టుకున్నట్టు గుప్పిట్లో పట్టుకో. రెండూ పద్ధతులే, మా వీధిలోనే రెండు రకాలవాళ్లూ ఉన్నారు. ఎడమ చిటికెన వేలికి దారం చుట్టమని వీడియోల్లో చూపిస్తారు, నీ వేలు వాచి ఉంటే చుట్టకు. చూపుడు వేలు మీదుగా వదులుగా పోనీ. ఒళ్లో దిండు పెట్టుకుని మోచేతులు దానిమీద ఆనించు.

పొద్దున్న లేవగానే ముట్టుకోవద్దు. ఆ వేళప్పుడు నీ చేతులు బిగుసుకుపోయి ఉంటాయి కదా, ఢిల్లీ జనవరిలో మరీను. వేడినీళ్లలో చేతులు కాసేపు ఉంచి, టిఫినయ్యాక చూసుకో. పది నిమిషాలకి ఫోన్లో అలారం పెట్టుకుని, అది మోగగానే వరస మధ్యలో ఉన్నా ఆపు. కణుపు ఎర్రబడి వేడిగా ఉన్న రోజున అసలే వద్దు. మెథోట్రెక్సేట్ మందు వేసుకున్న మర్నాడు ఒళ్లు బరువుగా ఉంటుందన్నావు, ఆ రోజూ సెలవే. రాత్రి అల్లినదానికి తెల్లారి కూడా మణికట్టు నొప్పెడుతుంటే నిన్న ఎక్కువైందని లెక్క. ఈసారి సగానికి తగ్గించు.

ఇంత గట్టిగా చెప్తున్నానంటే కారణం ఉంది. మన సీమకి ఈ అల్లిక 1844 ప్రాంతంలో మిషనరీ దంపతులు తెచ్చారని చెప్పుకుంటారు. ఆ తర్వాత అది విదేశాలకు వెళ్లే సరుకైంది, 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపూ వచ్చింది. అందరికీ గర్వమే, నాకూనూ. కానీ 1970ల చివర్లో మారియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు మన ఊళ్లలో తిరిగి, 1982లో నరసాపురం లేసు పనివాళ్ల మీద పుస్తకం వేసింది. ఇంటి చాకిరీ అయ్యాక గంటల తరబడి అల్లినా ఆడవాళ్లకి రోజుకు రూపాయి కూడా గిట్టేది కాదని, ఆ కష్టాన్ని 'ఖాళీ టైములో చేసే పని' అని కొట్టిపారేసేవాళ్లని రాసింది. అవి మా అమ్మల రోజులు. కళ్లు మసకబారినా, మెడలు పట్టేసినా ఆర్డరు తేదీకి సరుకు ఇవ్వాల్సిందే. వాళ్లని పాడుచేసింది సూది కాదమ్మా, ఎంత చెయ్యాలో ఇంకొకరు చెప్పడం. నీకు ఆ బాధ రాకూడదు. ఎంత అల్లాలో నీ కణుపులే చెప్పాలి.

అందుకే నీ పీజీలో పిల్లలు కీచెయిన్లు, పువ్వులు చేసిపెట్టమంటే, డబ్బులిస్తామన్నా సరే, ఈ ఏడాదికి లేదని చెప్పు. నువ్వు మొహమాటస్తురాలివి, ఒకరికి ఒప్పుకుంటే పదిమందికి ఒప్పుకుంటావు.

క్రోషేతో జబ్బు నయమవుతుందని ఎవరన్నా అంటే నమ్మకు. 2020లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించిన సర్వేలో 8,391 మంది క్రోషే అల్లేవాళ్లు జవాబిచ్చారు. అల్లితే మనసు కుదుటపడుతోందని వాళ్లలో ఎక్కువమంది చెప్పారు. అది వాళ్లకై వాళ్లు చెప్పుకున్న మాట, మందు మీద చేసిన పరీక్ష కాదు. అయినా నాకది చిన్న సంగతిగా అనిపించదు. నొప్పితో నిద్రపట్టని రాత్రి మనసుకి ఆనుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. మందులు మాత్రం డాక్టరుగారు చెప్పిన రోజుల్లో, చెప్పినట్టే వేసుకో, మానొద్దు.

మీకు దగ్గర్లోనే, వసంత్ కుంజ్‌లో, ఇండియన్ స్పైనల్ ఇంజరీస్ సెంటర్ ఉంది. దాన్ని స్థాపించిన మేజర్ అహ్లూవాలియా 1965 మేలో ఎవరెస్టు ఎక్కాడు. అదే ఏడాది యుద్ధంలో వెన్నులో తూటా దిగి చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. మారిపోయిన ఒంటితో ఎలా బతకాలో ఒకరు పక్కనుండి నేర్పాలని ఆయన అనుభవంతో తెలుసుకున్నాడు. ఆ నేర్పే పని చేసేవాళ్లే ఆక్యుపేషనల్ థెరపిస్టులు. అక్కడికే వెళ్లక్కర్లేదు, నీ డాక్టరుగారినడిగి ఎవరినైనా ఒకసారి కలువు. సూది తీసుకెళ్లి వాళ్ల ముందు అల్లి చూపించు. మణికట్టు ఎక్కడ వంకర పోతోందో నేను ఫోన్లో చూసేదానికంటే వాళ్లు బాగా పట్టుకుంటారు.

ఇంకొకటి. వైకల్యం 40 శాతం ఉందని సర్టిఫికెట్ వస్తే గేట్‌లో గంటకు 20 నిమిషాలు అదనంగా ఇస్తారు. 'నాకంత లేదులే అత్తా' అని తీసిపారెయ్యకు. ఉందో లేదో తేల్చాల్సింది మెడికల్ బోర్డు. ఉంటే అది నీ హక్కు, సిగ్గుపడే విషయం కాదు.

ముందు ఇరవై చైన్లు వేసి, దానిమీద సింగిల్ క్రోషే వరసలు వేసుకుంటూ పో. ప్రతి వరస చివర కుట్లు లెక్కపెట్టుకో, కొత్తవాళ్లకి తగ్గేది అక్కడే. ముక్క వంకరగా వస్తే విప్పొద్దు, ఫొటో తీసి పంపు. డబుల్ క్రోషే దగ్గర చిక్కుపడితే ఆదివారం మూడింటికి వీడియో కాల్ చెయ్. మీ మావయ్య ఆ టైముకి నిద్రపోతాడు, తీరిగ్గా చూపిస్తాను.

మీ అత్త