పరాయి నేల మీద పసిబిడ్డ

రాయచోటి, రాజంపేట, పుల్లంపేట పక్కల పల్లెల్లో కువైటుకు పోవడం కొత్త సంగతేమీ కాదు. వాన పడితేనే పండే చేను, అడుగంటిన బోరు, తీరని అప్పు కలిసి మనిషిని విమానం ఎక్కిస్తాయి. మగవాళ్లు డ్రైవర్లుగా, కూలీలుగా పోతారు. ఆడవాళ్లు ఇంటిపనికి పోతారు. అక్కడ ఇంటిపనివాళ్లకు 2016లో ఖాయం చేసిన కనీస జీతం నెలకు 60 దీనార్లు. మన రాయబార కార్యాలయం భారతీయులకు కొంత ఎక్కువే అడుగుతుంది. కానీ ఆలుబిడ్డలను పిలిపించుకోవాలంటే, 2024 నుంచి కొన్ని మినహాయింపులు తప్ప 800 దీనార్ల జీతం చూపాలి. బిడ్డ తల్లి ఒళ్లో పెరగాలా, అవ్వ ఒళ్లో పెరగాలా అన్నది చాలా ఇళ్లలో ఈ లెక్కే తేల్చేస్తుంది.

ఊరు మాత్రం ఈ లెక్క అడగదు. “పాలు మరవని బిడ్డను వదిలి ఎట్ల పోబుద్ధి అయింది?” అని తల్లిని అడుగుతుంది. తండ్రిని ఆ మాట ఎవరూ అడగరు.

అడిగే తీరు మొరటే అయినా, అందులో ధర్మానికి సంబంధించిన ప్రశ్న ఉంది. బిడ్డ మనిషిగా ఎదగడానికి పుట్టిన నేలే కావాలా? కన్నవాళ్ల చేతులే కావాలా?

నేల సంగతి ముందు చూద్దాం. పూజలో సంకల్పం చెప్పేటప్పుడు తెలుగువాళ్లు తామున్న చోటు శ్రీశైలానికి ఏ దిక్కున ఉందో చెప్పుకుంటారు. మరి అమెరికాలో పుట్టిన మనవడికి శ్రీశైలం ఏ దిక్కు? పురోహితులు దీనికి ఎప్పుడో దారి చూశారు. అక్కడ క్రౌంచద్వీపం, రమణకవర్షం అంటూ కొత్త చోటు పేరుతోనే సంకల్పం చెప్పిస్తున్నారు. పిట్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరుడి గుడి 1976లోనే వెలిసింది. కువైటులో అలాంటి గుడి లేదు. బిడ్డను దగ్గర ఉంచుకోగలిగినవాళ్లు అన్నప్రాసన అద్దె ఇంట్లోనే చేసుకుంటారు. చాప పరిచి పుస్తకం, పెన్ను, బంగారు గొలుసు, పూలు, బియ్యం వరసగా పెడతారు. బిడ్డ ఒక్కోసారి అన్నిటినీ దాటుకుని, అవ్వ ముఖం కనబడుతున్న ఫోను వైపు పాకుతుంది. ఆచారం కొత్త నేలకు సర్దుకుంది. సర్దుకోలేనిది మనుషుల మధ్య దూరమే.

ఇక చేతుల సంగతి. కర్నూలు, కడప పల్లెల్లో పక్కపక్కనే బతికే మూడు మతాల కథల్లోనూ పసివాడు పుట్టినచోట పెరగలేదు. కృష్ణుడు పుట్టిన రాత్రే యమున దాటాడు, యశోద పెంచింది. ముహమ్మద్ ప్రవక్తకు పసితనంలో హలీమా పాలిచ్చి ఎడారిలో పెంచింది. హేరోదు రాజు కత్తి నుంచి కాపాడుకోవడానికి యోసేపు, మరియ పసి యేసును ఐగుప్తుకు తీసుకుపోయారు. బిడ్డను వదలక తప్పని తల్లి, పరాయి బిడ్డను సాకిన తల్లి, బిడ్డను ఎత్తుకుని వలసపోయిన దంపతులు అందరూ ఇక్కడే ఉన్నారు. కృష్ణుణ్ణి కన్న దేవకి బిడ్డను పంపేసిందని ఎవరూ తప్పుపట్టలేదు. ప్రవక్తను కన్న ఆమినానూ ఎవరూ నిందించలేదు.

పెంచిన చేతులకు ఇస్లాం ఇచ్చిన చోటు ఇంకా పెద్దది. పాలు తాగిన బిడ్డకు పాలిచ్చిన తల్లి బిడ్డలు తోబుట్టువులతో సమానం, వాళ్ల మధ్య పెళ్లి కూడదు. పెద్దయ్యాక హలీమా తన దగ్గరికి వస్తే ప్రవక్త పైబట్ట పరిచి కూర్చోబెట్టారని చెబుతారు. బిడ్డ కారణంగా తల్లికి గానీ తండ్రికి గానీ కష్టం కలగకూడదని ఖురాన్ రెండో సూరా అంటుంది. ఈ రోజు కువైటులో ఎవరి బిడ్డకో గోరుముద్దలు పెడుతున్న కడప ఆడబిడ్డకు ఆ గౌరవంలో ఎంత దక్కుతోంది? ఆమె బిడ్డకు ఇక్కడ ముద్దలు పెడుతున్న అవ్వకు ఎంత దక్కుతోంది?

దేశం దాటనివాళ్లకూ ఊరి నింద తప్పదు. కోసిగి, ఆదోని పక్కల నుంచి గుంటూరు వైపు మిరపకోతలకు సుగ్గి వలస పోయే తల్లులు చెట్టుకు చీర ఉయ్యాల కట్టి, బిడ్డను అందులో వేసి చేనులోకి దిగుతారు. వదిలిపోతే పాపమన్న నోరే, వెంట తీసుకుపోతే పసిబిడ్డను ఎండబెట్టిందంటుంది. బిడ్డ కడుపు నింపడానికి పోయిన తల్లి ధర్మం తప్పలేదు. ఆమె లేని ఇంటిని పట్టించుకోని ఊరే తప్పింది.

కువైటులో, ఇంకే దేశంలోనైనా బిడ్డను కన్నవాళ్లు ఏడాది లోపు మన రాయబార కార్యాలయంలో జననం నమోదు చేయించండి. గడువు దాటితే కేంద్రం అనుమతి కావాలి. ఊళ్లో ఉన్నవాళ్లు, తల్లిని నిలదీసే ముందు ఆ ఇంటికి ఒకసారి పోండి. అంగన్‌వాడీలో బిడ్డ పేరు ఉందా, టీకాలు పడ్డాయా, అవ్వ ఒంట్లో బాగుందా అని అడగండి.