రంపం పట్టిన చేతికి ఏం కావాలి?

"రాయితీ ఇచ్చి చెట్లు నరకడం మాన్పిస్తే దాన్ని అడవిని కాపాడటం అంటారా, బేరం అంటారా?" అన్నారు బాబాయి. ఆయన అటవీశాఖలో పనిచేసి రిటైరైన మనిషి.

మేం మాట్లాడుకుంటున్నది ఇండోనేషియాలో, బోర్నియో పడమటి వైపున్న గునుంగ్ పాలుంగ్ గురించి. ఒరాంగుటాన్లు తిరిగే వానడవి అది. పేరుకు జాతీయ పార్కే అయినా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కలప కోసం దొంగచాటుగా నరికేవారు. అమెరికన్ వైద్యురాలు కినారి వెబ్, ఇండోనేషియా దంతవైద్యురాలు హాట్లిన్ ఓంపుసుంగు కలిసి నిలబెట్టిన 'అస్రి' సంస్థ 2007లో సుకదానాలో ఆసుపత్రి తెరిచింది. నరకడం మానేసిన ఊరికి వైద్యం ఖర్చులో 70 శాతం దాకా తగ్గిస్తారు.

"బేరం వాళ్లు మొదలుపెట్టలేదు బాబాయ్. నరకడం మానాలంటే మీకేం కావాలని ముందు ఊళ్లనే అడిగారు. అందుబాటులో వైద్యం, ఎరువులు కొనే పని లేని సాగు కావాలన్నారు జనం. కాన్పు కష్టమైన ఇంట్లో అప్పటికప్పుడు డబ్బయ్యేది చెట్టొక్కటే."

"ఒప్పుకుంటా. కానీ ఊరంతటికీ ఒకే లెక్కేమిటమ్మా? పక్కింటివాడు రంపం పట్టుకుపోతే నా బిడ్డ జ్వరానికి నేనెందుకు ఎక్కువ కట్టాలి?"

ఇక్కడ చాలాసేపు ఆగిపోయాం. నాకూ మింగుడుపడని ప్రశ్నే ఇది.

"అది పూర్తి న్యాయమని నేననను. అయితే అడవి పోతే వచ్చే వరద నరికినవాడి ఇంటికే పోదు కదా! నష్టం ఎప్పుడూ ఉమ్మడిదే. ఇప్పుడది బిల్లులో కనబడుతోంది, కాబట్టి పక్కింటివాడితో మాట్లాడక తప్పదు. పైగా డబ్బే కట్టాలనీ లేదు. చాపలు, పశువుల ఎరువు, నారుమొక్కలు ఇచ్చినా జమ చేసుకుంటారు. ఆ మొక్కలనే పాడైన నేలలో నాటుతారు."

"నాటినంత మాత్రాన అడవైపోదు," అన్నారాయన, తనకు తెలిసిన చోటికి వచ్చినట్టు. "నరికిన చోట అలాంగ్-అలాంగ్ గడ్డి కమ్ముకుంటుంది. నిప్పంటుకుంటే మొక్కలు మాడిపోతాయి, గడ్డి మాత్రం నేలలోని దుంపవేళ్ల నుంచి మళ్లీ లేస్తుంది. అక్కడి మహావృక్షాలు డిప్టెరోకార్ప్‌లు. ఏటా కాయవు, కొన్నేళ్లకోసారి అన్నీ ఒక్కసారే కాస్తాయి. ఆ గింజ నిలవుండదు, రాలిన కొద్దిరోజులకే మొలవాలి. దగ్గర్లో తల్లిచెట్టు లేకపోతే మొలిచేదేముంది?"

"అందుకే ఆ తల్లిచెట్టును నిలబెట్టడం ముఖ్యం. 2020లో వచ్చిన అధ్యయనం ప్రకారం, ఇతర పార్కులతో పోలిస్తే పదేళ్లలో ఇక్కడ అడవి నష్టం దాదాపు 70 శాతం తగ్గింది. ఆసుపత్రిని ఎక్కువగా వాడుకున్న ఊళ్ల దగ్గర ఇంకా బాగా తగ్గింది."

"రేపు ఆసుపత్రి మూస్తే మళ్లీ నరుకుతారు. మారింది అవసరం, మనసు కాదు."

"భార్యను బతికించుకోవడానికి చెట్టు కొట్టినవాడి మనసులో మార్చాల్సిన లోపమేముంది బాబాయ్? మనసు మంచిదే, దారే లేదు. ఆ దారి మూసుకుపోకుండా చూడటం మన పూచీ."

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "అడవి తిరిగి రావడానికి వందేళ్లు కావాలి. దాతలు అన్నేళ్లు ఇస్తారా?"

"ఇవ్వరు. అందుకే అడవి అంచున ఉండే నర్సు జీతం అటవీ బడ్జెట్‌లోనే ఉండాలంటాను. సుకదానాలో అయినా, మన రంపచోడవరంలో అయినా."

"కంచెకు అడిగితే ఇస్తారు. నర్సుకు అడిగితే ఇది మా శాఖ పని కాదంటారు," అన్నారు బాబాయి. "అయినా అడగాల్సిందే."