ముందు నీరు, తర్వాతే రంగు

చిరంజీవికి,

ఇల్లు అమ్మకానికి పెట్టేముందు 50 వేలలో బాగు చేయించాలనుకుంటున్నావని అక్కయ్య చెప్పింది. పడగ్గది గోడకి లప్పం పెట్టి మంచి రంగు కొట్టిస్తే కొనేవాళ్లకి చెమ్మ కనపడదని మేస్త్రి అన్నాడట. ఆ పని చెయ్యొద్దురా.

ఆ గోడకి ఉప్పు ఎందుకు తేలుతోందో ముందు చూడు. డాబామీద తూముకి ఆకులు అడ్డుపడితే వాననీళ్లు నిలిచి గోడలోకి దిగుతాయి. స్నానాలగది గొట్టం కారినా అంతే. తూము శుభ్రం చేయించి, డాబా పగుళ్లు పూడ్పించు. ఉప్పు పట్టిన ప్లాస్టరింగ్ చెక్కించి, గోడని బాగా ఆరనిచ్చి మళ్లీ చేయించు. ఆరడానికి వారాలు పట్టొచ్చు, తొందరపడకు. తడి గోడమీద ఎనామెల్ పెయింటు వేస్తే లోపలి చెమ్మకి దారిలేక పొక్కులొస్తాయి. మిగతా గదులకు ఎప్పటిలాగే సున్నం చాలు. బిగుసుకునే తలుపుకి వడ్రంగి చేత చిత్రిక పట్టించు. పాత సామాను తీసేస్తే వెలుతురు దానంతటదే వస్తుంది. కొత్త కర్టెన్ల జోలికి పోకు.

ఇంత చేసినా చెమ్మ మిగిలితే, ఉందని చెప్పు. కొనేవాళ్లు మామూలుగా చూస్తే పట్టుకోలేని పెద్ద లోపం అమ్మేవాడికి తెలిసుంటే చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్‌లో ఉంది. లేకపోయినా నువ్వు చెప్పాలి. రేపు ఆ గదిలో ఎవరి పసిబిడ్డో పడుకుంటుంది. ధర కొంత తగ్గితే తగ్గనీ.

కాగితాల ఖర్చుకి మాత్రం వెనకాడకు. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) తీయించు, లింకు డాక్యుమెంట్లు వరసగా పెట్టు, ఇంటిపన్ను, కరెంటు, కుళాయి బాకీలు తీర్చెయ్యి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. మీ నాన్న వీలునామా రాయకుండానే పోయారు, మీ నాయనమ్మా లేరు. ఇల్లు ఆయన స్వార్జితం. కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అక్కయ్యకీ నీకూ చెల్లికీ సమాన భాగాలు. చెల్లిని రిజిస్ట్రేషన్ రోజున సంతకానికి మాత్రమే పిలవడం నాకు నచ్చదు. తూము ఖర్చు దగ్గర్నుంచి బేరం దాకా ప్రతిదీ దానితో మాట్లాడే చెయ్యి. పెళ్లిలో పెట్టిందంతా లెక్కకట్టి ఇందులో కోత పెట్టకు. దాని వాటా డబ్బు దాని ఖాతాలోనే పడాలి, మీ బావ చేతికి కాదు. ఈ రాత్రే దానికి ఫోన్ చెయ్యి. అది సరేనన్నాకే మేస్త్రికి బయానా ఇవ్వు.

ఇట్లు,
మీ మావయ్య