ఉప్పు తిన్న ఊరు, మనసు మెచ్చిన జట్టు



ఈ వారం వీడియోలో ఉద్యోగపర్వంలోని ద్వారక ఘట్టం చెప్పుకున్నాం కదా. కృష్ణుడు నిద్రపోతుంటే దుర్యోధనుడు తల దగ్గర ఆసనం మీద కూర్చున్నాడు, అర్జునుడు కాళ్ళ దగ్గర చేతులు జోడించి నిలబడ్డాడు. అర్జునుడు ఆయుధం పట్టని కృష్ణుణ్ణి కోరుకున్నాడు. దుర్యోధనుడు సేన మొత్తం దక్కిందని సంబరపడిపోయాడు. పక్షం ఎంచుకోవడం గురించి అంతసేపు మాట్లాడాను గానీ ఒక్క విషయం దాటేశాను. అది నా తప్పు గురించి. కెమెరా ముందు చెప్పడానికి నోరు రాలేదు. ఇక్కడ రాస్తున్నాను.

2022 మార్చి 20, ఆదివారం. ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్ ఫైనల్. గోవా ఫతోర్డా స్టేడియంలో హైదరాబాద్ ఎఫ్‌సీకీ, కేరళ బ్లాస్టర్స్‌కీ పోటీ. మా మేడ్చల్‌లో ఏ గల్లీలో చూసినా క్రికెట్టే. కానీ మన ఊరి పేరున్న జట్టు మొదటిసారి ఫైనల్‌కి వచ్చిందంటే ఊరుకుంటామా? సాయంత్రానికల్లా మా పిల్లలు పసుపు టీషర్టులు వేసుకుని టీవీ ముందు కూర్చున్నారు.

మా పక్కింటాయనది కేరళ. శామీర్‌పేట దాటాక తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలో, టీకాలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. పదేళ్ళకు పైగా పరిచయం. బోనాలకు వాళ్ళు మా ఇంట్లో భోజనం చేస్తారు, ఓణానికి వాళ్ళ పాయసం మా ఇంటికి వస్తుంది. మ్యాచ్ కలిసి చూద్దామని మేమే పిలిచాం. ఆయనా, ఇద్దరు పిల్లలూ పసుపు చొక్కాల్లో వచ్చారు. "అంకుల్ కూడా మన పార్టీయే!" అని మా చిన్నోడు ఎగిరి గంతేశాడు. తీరా చూస్తే అది కేరళ పసుపు! రెండు జట్ల రంగూ ఒకటే మరి. అందుకే ఆ రోజు మైదానంలో కేరళ వాళ్ళు తమ పసుపు వదిలి వేరే రంగు వేసుకోవాల్సి వచ్చింది.

అప్పుడు నేనొక మాటన్నాను. "ఇక్కడి ఉప్పు తినుకుంట అక్కడోళ్ళకు జై కొడ్తున్నరా సార్?"

నవ్వుతూనే అన్నాను. ఆయనా నవ్వారు. సగం ఆట అయ్యాక, "పిల్లలకు రేపు స్కూలుంది" అని లేచి వెళ్ళిపోయారు.

68వ నిమిషంలో కేరళ ఆటగాడు రాహుల్ గోల్ కొట్టాడు. మా ఇంట్లో నిశ్శబ్దం. పక్కింట్లోనూ నిశ్శబ్దమే. మా రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. వాళ్ళ కుక్కర్ విజిల్ కూడా మాకు వినబడుతుంది. 2014లో, 2016లో ఫైనల్‌కి వచ్చి ఓడిపోయిన జట్టు అది. మూడోసారి వచ్చి ముందుగా గోల్ కొడితే ఇద్దరు పిల్లలు అరవకుండా ఎట్లా ఉంటారు? నా మాట వాళ్ళ నోళ్ళు మూసేసింది.

తర్వాత 88వ నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు సమం చేశాడు. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు బంతులు ఆపాడు. 3-1తో గెలిచాం. పిల్లలు వీధిలోకి పరుగెత్తారు. నాకు మాత్రం గోడ అవతలి నిశ్శబ్దమే చెవిలో ఉండిపోయింది.

ఆ రాత్రి ఆ ఉప్పు మాట గురించే ఆలోచించాను. భారతంలో ఉప్పుకు కట్టుబడ్డది భీష్ముడు, ద్రోణుడు. యుద్ధానికి ముందు ధర్మరాజు వచ్చి నమస్కరిస్తే, కౌరవుల తిండి తిన్నాం, అటే నిలబడాలి అన్నారు. అంటూనే గెలుపు నీదే కావాలని దీవించారు. వాళ్ళంతటివాళ్ళనే ఉప్పు చేతుల దాకా కట్టేసింది గానీ మనసును కట్టెయ్యలేకపోయింది. మరి నేను పక్కింటాయన మనసు మీద ఉప్పు లెక్క రాయడమేమిటి? అసలు ఎవరి ఉప్పు ఎవరు తిన్నట్టు? ఆయన ఇక్కడ పనిచేశారు, పన్ను కట్టారు, టీకాల తయారీలో ఒక చెయ్యి వేశారు.

ఇంతకీ "మన" జట్టులో ఎవరున్నారు? కోచ్ మనోలో మార్కెజ్ స్పెయిన్ మనిషి. గోల్స్ మీద గోల్స్ కొట్టిన ఒగ్బెచే నైజీరియా. కట్టిమణి గోవా. చివరి పెనాల్టీ కొట్టిన నార్జరీ అస్సాం. వాళ్ళను మనవాళ్ళు అనుకోవడానికి నాకు ఏ అడ్డూ రాలేదు. పదేళ్ళ పక్కింటాయనకు మాత్రం పరీక్ష పెట్టాను.

ఇట్లాంటి పరీక్ష 1990లో బ్రిటన్‌లో నార్మన్ టెబిట్ అనే నాయకుడు పెట్టాడు. వలస వచ్చినవాళ్ళు క్రికెట్‌లో ఏ దేశానికి జై కొడతారో చూడండి అన్నాడు. అక్కడి మనవాళ్ళకు ఆ మాట ఎంత గుచ్చుకుందో! మన పిల్లలు లండన్‌లో ఉంటూ ఇండియాకు జై కొడితే మనం మురిసిపోతాం. అదే పని పక్కింటాయన చేస్తే ఉప్పు గుర్తొస్తుంది. ఇదేం న్యాయం, చెప్పండి?

ఆటలో కవ్వింపు ఉండకూడదా అంటారేమో. ఉండాలి, లేకపోతే మజా ఏముంది? "మీ జట్టు ఈసారీ ఓడిపోతుంది సార్" అంటే అది కవ్వింపు. "నువ్వు ఇక్కడివాడివేనా" అంటే అది మనిషిని బయటికి నెట్టడం. కురుక్షేత్రంలో ఒకవైపు ధర్మం, ఇంకోవైపు అధర్మం ఉన్నాయి. అందుకే ధృతరాష్ట్రుడి కొడుకైన యుయుత్సుడు చివరి నిమిషంలో పాండవుల వైపు నడిచాడు. అక్కడ పక్షాన్ని తూచి చూసుకోవాలి. ఫుట్‌బాల్‌లో అధర్మ పక్షం ఎక్కడుంది? ఇటు ప్రేమే, అటూ ప్రేమే. మన ప్రేమ ఎంత నిజమో వాళ్ళదీ అంతే నిజం.

మర్నాడు పొద్దున వెళ్ళి, "తప్పు మాటన్నాను సార్, మన్నించండి" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత టీ ఇచ్చి, "రహీం సాబ్ గురించి తెలుసా మీకు?" అని అడిగారు. నాకు తెలియదు. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా ఉండగానే మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిందనీ, 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చిందనీ ఆయనే చెప్పారు. నా ఊరి ఫుట్‌బాల్ చరిత్ర, నేను పరాయివాణ్ణి చేసిన మనిషి నోట విన్నాను. సిగ్గుతో తల దించుకున్నాను.

ఇప్పుడు ఆ జట్టే లేదు. 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్ళిపోయింది. మా పిల్లల పసుపు టీషర్టులు పొట్టివైపోయాయి. పక్కింటాయన మాత్రం ఇక్కడే ఉన్నారు.

మీరూ ఏదో ఒక జట్టును ఎంచుకోండి, గొంతు పోయేదాకా అరవండి. మీ పక్కింటివాళ్ళు గోల్ కొట్టినప్పుడు వాళ్ళ అరుపు కూడా వినబడేలా చూసుకోండి.

శుభం భూయాత్.